గ్రామసేవకునకు గురువెవరు?

పరులకు మేలు చేయవలెనను కోరిక గొప్పది. ఆ మేలు ఎట్లు చేయవలెనో ముందుగా నేర్చుకొనవలెనను కోరిక అంతకంటెను అరుదైనది. మన దేశమున గ్రామములను బాగుచేయ బూనినవారికి ఏనాడును కొదువ లేదు. దొరలు బూనిరి, దేశభక్తులు బూనిరి, ప్రభుత్వములు బూనినవి. కాని గ్రామమునకు బోధింప బోవువారికి ఎవరు బోధింపవలెను, ఏమి బోధింపవలెను అను ప్రశ్న మాత్రము చాలకాలమువరకు ఎవరికిని తట్టలేదు. ఆ ప్రశ్నకు సమాధానముగా పుట్టిన సంస్థ యొకటి నేడు హైదరాబాదు చెంత రాజేంద్రనగరములో కలదు. జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అని దాని పేరు. పల్లెలలో పనిచేయువారికి శిక్షణ మొసగుటయు, పల్లె జీవనమును పరిశోధించుటయు దాని రెండు ధర్మములు. 1958లో పుట్టినది మొదలు ఈ సంస్థ మూడుమారులు పేరు మార్చుకొన్నది. ఒక కార్యాలయము పేరు మారుట పెద్ద విశేషము కాకపోవచ్చును. కాని ఈ పేర్లను వరుసగా చదివినచో, గ్రామమును గూర్చి మన దేశపు తలంపు ఎట్లు మారినదో అందు కనబడును. అందుచేత ఆ చరిత్రను చదువరుల ముందుంచ దలచితిమి.

ఈ కథకు పూర్వరంగ మొకటి కలదు. 1920లలో పంజాబు రాష్ట్రమునందలి గుర్‌గావ్ జిల్లాకు బ్రేన్ అను ఆంగ్లేయుడు అధికారిగా నుండెను. ఆయనకు పల్లెలపై నిజమైన అభిమానము. పెంటను వీధులలో పోయక గోతులలో వేసి ఎరువు చేయుడనియు, ఇండ్లకు కిటికీలు పెట్టుడనియు, పిల్లలకు నగలు పెట్టుట మానుడనియు ఊరూర తిరిగి బోధించెను. గ్రామములకు మార్గదర్శకులను తయారుచేయుటకై ఒక పాఠశాలను, స్త్రీలకు గృహవిద్య నేర్పుటకై మరియొక పాఠశాలను స్థాపించెను. గోతులు త్రవ్వబడినవి, కిటికీలు వెలసినవి. కాని ఆయన ఆ జిల్లా విడిచిన పిమ్మట ఆ పనులలో పెక్కు మూలబడినవి. ఏలయనగా ఆ గోతులు రైతు తనకు కావలెనని త్రవ్వినవి కావు, దొరకు కావలెనని త్రవ్వినవి. దొరతోడనే వాని అవసరమును పోయెను.

1922లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఎల్మ్‌హర్స్టు అను వ్యవసాయ శాస్త్రజ్ఞుని తోడ్పాటుతో వంగదేశమునందలి సురూలు గ్రామమున నెలకొల్పిన శ్రీనికేతనము వేరొక మార్గము త్రొక్కినది. అక్కడివారు బోధనకు ముందు విచారణను పెట్టుకొనిరి. ఊరిలో మలేరియా ఏల వచ్చుచున్నది, అప్పులు ఏల పెరుగుచున్నవి, కుండలును బట్టలును చేయువారు ఏల పని విడిచిపోవుచున్నారు అని ముందు అడిగి, పిమ్మట ఉపాయములు వెదకిరి. పరిశోధనము, శిక్షణము అను రెండును ఒకేచోట కూడినప్పుడే గ్రామమునకు మేలు కలుగునను తత్త్వమునకు బీజము అక్కడ పడెను.

స్వరాజ్యము వచ్చుచున్న దినములలో ఈ ప్రయత్నములు ప్రభుత్వముల చేతికి వచ్చినవి. 1946లో చెన్నరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఫిర్కా అభివృద్ధి పథకమును ఆరంభించెను. తొలుత 34 ఫిర్కాలలో, అనగా కొన్ని గ్రామములు కలిసిన రెవిన్యూ విభాగములలో, త్రాగునీరు, బాటలు, పారిశుద్ధ్యము, ఖద్దరు, గ్రామపరిశ్రమలు మొదలగువానిని ఒక్కటిగా చేపట్టిరి. 1948లో సంయుక్త రాష్ట్రములలోని ఇటావా జిల్లాలో ఆల్బర్ట్ మేయరు అను అమెరికా దేశపు వాస్తుశిల్పి సలహాతో మహేవా గ్రామము కేంద్రముగా 64 గ్రామములలో మరియొక ప్రయోగము మొదలయ్యెను. అంతకు పూర్వము వ్యవసాయశాఖవా రొకరు, పశువైద్యశాఖవా రొకరు, ఆరోగ్యశాఖవా రొకరు ఎవరిదారిని వారు పల్లెకు వచ్చి పోవుచుండిరి. ఇటావాలో వారందరి మారుగా కొలది గ్రామములకు ఒక్కొక్క సేవకుని నియమించిరి. విత్తనము కావలెనన్నను, ఎద్దుకు జబ్బు చేసినను, బావి పూడిపోయినను రైతు ఆతనినే అడుగవలెను. ఈతడే పిమ్మట దేశమంతట గ్రామసేవకుడని పేరొందెను.

1952 అక్టోబరు 2వ తేదీని, గాంధీ మహాత్ముని జయంతినాడు, సమాజ వికాస పథకము 55 కేంద్రములలో ఆరంభమైనది. ఒక్కొక్క కేంద్రమున సుమారు 300 గ్రామములు, రెండు లక్షల జనము. మరుసటి సంవత్సరమే జాతీయ విస్తరణ సేవ అనునది కూడ తోడై, దేశమును బ్లాకులుగా విభజించి పని నలుదిక్కుల వ్యాపింప జేసినది. 1956లో కేంద్రమున దీనికై ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడగా, దేశవిభజన కాలమున నీలోఖేరీలో నిర్వాసితులచేత క్రొత్త పట్టణమును కట్టించి పేరొందిన ఎస్. కె. డేగారు మంత్రి యైరి.

ఇంతవరకు ఉత్సాహమే కాని, చిక్కు ఇచ్చటనే వచ్చినది. ఇటావాలో 64 గ్రామములకు ఏరికోరి సేవకులను తీర్చిదిద్దవచ్చును. దేశమంతటికి కావలసిన వేలకొలది సేవకులను తీర్చువా రెవరు? చదువు ముగించిన యువకునకు కొలది నెలలు విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పి, చేతికి ఒక దినచర్య పుస్తక మిచ్చి పల్లెకు పంపుచుండిరి. ఆ పల్లెలో తరతరములుగా సేద్యము చేసిన వృద్ధులు, కరణములు, మునసబులు, వడ్డీవ్యాపారులు, వాడలు, వర్గములు నుండును. ఇరువది ఏండ్ల యువకుడు వారి నడుమ నిలిచి ఏమి చేయగలడు? ఆతనికి నేర్పిన బోధకుడు తానే యెన్నడును పల్లెలో పనిచేసి యుండనిచో, ఆ చదువు పుస్తకమునుండి పుస్తకమునకు ప్రయాణము చేసినట్లేగాని గ్రామమునకు చేరినట్లు కాదు.

అందుచేత 1958లో ముస్సోరీ పర్వతముపైన సమాజ వికాస అధ్యయన పరిశోధన కేంద్ర సంస్థ స్థాపింపబడినది. ఉన్నతాధికారులు అచ్చటికి పోయి చర్చించి అధ్యయనము చేయవలెను. శిక్షణ కేంద్రములలో బోధించు ఉపాధ్యాయులకు శిక్షణ మొసగుటకై కొండ దిగువన డెహ్రాడూను సమీపమునందలి రాజ్‌పూరులో వేరొక సంస్థ యుండెను. చదువరులు ఈ అమరికను గమనింపవలెను. ఆలోచించువారు కొండపైన, బోధించువారు కొండ క్రింద, పనిచేయువారు ఎచటనో మైదానములలోని పల్లెలలో! ఇది యాదృచ్ఛికమే కావచ్చును. అయినను మన విద్యావ్యవస్థలోని అనాది లోపమునకు ఇంతకంటె చక్కని పటము గీయలేము.

ఆ కాలముననే మేలుకొలుపు వంటి నివేదిక యొకటి వెలువడినది. పథకపు ఫలితములను పరిశీలించుటకు 1957 జనవరిలో నియమింపబడిన బల్వంతరాయ్ మెహతాగారి సంఘము, ఆ సంవత్సరము నవంబరులోనే తన అభిప్రాయమును తెలిపెను. ప్రజలలో స్వయంకృషిని మేల్కొల్పుటలో పథకము సఫలము కాలేదనియు, అధికారమును బాధ్యతను ప్రజలెన్నుకొన్న సంస్థలకే అప్పగింపవలెననియు దాని సారాంశము. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులోను, ఆ నెలలోనే మన మహబూబునగరు జిల్లాలోని షాద్‌నగరులోను నెహ్రూగారు పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము చేసిరి. అంతవరకు గ్రామమునకు సేవకుని పంపిన దేశము, ఆ దినమునుండి గ్రామమునకు అధికారము పంపుటకు మొదలిడెను. సేవకుని తీర్చుట యొక విద్య, స్వయంపాలకులను తీర్చుట మరియొక విద్య. ఆ రెండవ విద్యకు ఉపాధ్యాయులు ఇంకను తయారుకావలసి యుండెను.

1962లో ముస్సోరీ, రాజ్‌పూరు సంస్థలు ఒక్కటియై జాతీయ సమాజ వికాస సంస్థ యను పేరు దాల్చినవి. పరిశోధకుడును బోధకుడును ఒక్క కప్పు క్రిందికి వచ్చిరి. ఈ కూడిక ఎంత అవసరమో తెలుపుటకు మన తెలుగునేలనుండియే యొక దృష్టాంతము చెప్పవచ్చును. 1951, 52 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి ఎస్. సి. దూబేగారు, వ్యవసాయము, వైద్యము, పశువైద్యము చదివిన సహచరులతో కూడి, హైదరాబాదునకు సమీపమునందలి శామీర్‌పేట గ్రామమును పరిశోధించిరి. ఆ ఫలితముగా 1955లో వెలువడిన గ్రంథము ఆ పల్లె పేరును లోకమంతటి పండితులకు తెలిపినది. పిమ్మట ఆయన పశ్చిమోత్తర ప్రదేశమున సమాజ వికాస పథకము నడచిన పల్లెలను చూచి 1958లో మరియొక గ్రంథము ప్రకటించిరి. పథకపు మేలు ఎక్కువగా కలిగినవారికే చేరినదనియు, గ్రామసేవకుడు పైయధికారుల లెక్కలకును పల్లెవారి అక్కరలకును నడుమ నలిగిపోవుచున్నాడనియు అందు తేలినది. ఊరిలో నెవరికి భూమి కలదు, ఎవరికి లేదు, ఎవరి మాట చెల్లును, ఎవరు రచ్చబండ కెక్కలేరు అను సంగతులు తెలియకుండ మంచి విత్తనము పంచినచో, అది మొదట మోతుబరి గాదెకే చేరును. ఇట్టి సంగతి బోధకునకు తెలియవలెను. తెలిపెడు పరిశోధకుడు ఆతని ప్రక్కనే యుండవలెను.

1960వ దశాబ్దపు నడిమి కాలమున ఈ సంస్థ కొండ దిగి హైదరాబాదునకు తరలివచ్చెను. 1965లో స్వతంత్ర సంఘముగా నమోదు చేయబడెను. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము దానికి పొరుగు. చల్లని కొండమీదినుండి దక్కను మెరకనేలకు, చెరువులును మెట్టచేలును కన్నుల కెదురుగా నుండు చోటికి వచ్చుట మంచి శకునమే. కాని వచ్చిన వేళ మాత్రము మంచిది కాదు. ఆ యేండ్లలో దేశమును ఆహారపు కరవు పీడించుచుండెను. ఏమి చేసియైనను గింజలు పండింపవలెనను తొందర హెచ్చెను. మంచి నీటివసతిగల జిల్లాలను ఎన్నుకొని అచటనే ఎరువులను, అప్పులను కుమ్మరించు పద్ధతి వచ్చెను. మన పశ్చిమ గోదావరి జిల్లా అట్లు మొట్టమొదట ఎన్నుకొన్న జిల్లాలలో నొకటి. 1966లో సమాజ వికాస మంత్రిత్వశాఖ తన ప్రత్యేకతను కోల్పోయి ఆహార వ్యవసాయ శాఖలో కలిసిపోయెను. కన్నతల్లి వేరొక ఇంటిలో కలిసిపోగా బిడ్డ మిగిలినట్లు సంస్థ మిగిలినది.

1977లో అది జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ యయ్యెను. సమాజమను మాట పోయి గ్రామీణమను మాట వచ్చుటలో గొప్ప సత్యమొకటి దాగియున్నది. గ్రామమంతయు ఒక్క సమాజమనియు, దానికి కలిగిన మేలు అందరికిని సమముగా పంచుకొనబడుననియు తొలినాటివారు నమ్మిరి. ఇరువది యైదేండ్ల అనుభవము ఆ నమ్మికను చెరిపివేసెను. ఒకే ఊరిలో ధనికుల గ్రామమొకటి, పేదల గ్రామమొకటి కలవని తెలిసినది. 1978లో మొదలై 1980 అక్టోబరు 2నాటికి దేశమునందలి బ్లాకులన్నిటికి వ్యాపించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము, పేదకుటుంబము నొక్కొక్కదానిని ఎన్నుకొని అప్పును రాయితీని ఇచ్చి గేదెనో గొఱ్ఱెలనో కొనిపించినది. ఉద్దేశము మంచిదే. కాని గేదె కొనియిచ్చినంతమాత్రమున మేత మొలవదు గదా! పాలు కొనువారు లేని ఊరిలో పాడి ఎవరికి? ఎన్నుకొనవలసిన పేదను విడిచి ఎన్నుకొనరానివానిని ఎన్నుకొనుటయు పలుచోట్ల జరిగెను. కొలువవలసినది ఇచ్చిన గేదెల సంఖ్యను కాదు, గట్టెక్కిన కుటుంబముల సంఖ్యను. ఈ వివేకమును అధికారులకు నేర్పుటయే శిక్షణ సంస్థకు ముఖ్యమైన పని యయ్యెను.

1992లో పార్లమెంటు ఆమోదించి 1993 ఏప్రిలు 24నుండి అమలైన 73వ రాజ్యాంగ సవరణ ఈ చరిత్రలో మూడవ మలుపు. పంచాయతులు ఇక రాష్ట్రప్రభుత్వముల దయాధర్మములుగాక రాజ్యాంగపు హక్కులైనవి. స్థానములలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్త్రీలకు ఇయ్యవలెనను నియమము ఏర్పడినది. దళితులకును గిరిజనులకును జనసంఖ్యనుబట్టి స్థానములు లభించినవి. ఇప్పుడు దేశమున పంచాయతులు సుమారు రెండున్నర లక్షలు, ఎన్నికైన ప్రతినిధులు సుమారు 30 లక్షలు. నిన్నటివరకు గ్రామసభలో కూర్చుండుటకు చోటులేని తల్లి నేడు గ్రామపు లెక్కలపైన సంతకము చేయుచున్నది. ఆ సంతకము ఆమెదే కావలెనా, ఆమె భర్త చెప్పిన చోట పెట్టు గీత కావలెనా అనునది ఆమెకు లభించు విద్యపై నాధారపడి యుండును. 2013లో ఈ సంస్థ తన పేరునకు పంచాయతీరాజ్ అను మాటను చేర్చుకొనుట ఈ క్రొత్త ధర్మమునకు గుర్తు.

30 లక్షలమందికి ఒక్క విద్యాలయము బోధింపలేదు. అందుచేత రాష్ట్ర సంస్థలకును, వాని క్రిందనున్న శిక్షణ కేంద్రములకును బోధకులను తీర్చుట, పాఠ్యములను సిద్ధముచేయుట దీని కార్యమైనది. 1983లో గౌహతిలో ఈశాన్య రాష్ట్రములకై ఒక శాఖ వెలసినది. రాజేంద్రనగరములోని గ్రామీణ సాంకేతిక ఉద్యానములో మట్టి ఇటుకల ఇండ్లు, చేతితో చేయు కాగితము, ఆకుల విస్తళ్లు మొదలగువానిని చేసి చూపి నేర్పు ఏర్పాటు జరిగినది. పరదేశములనుండి సయితము అధికారులు వచ్చి ఇచ్చట శిక్షణ పొందిరి. ఇవన్నియు మెచ్చదగినవే. అయినను ఇట్టి సంస్థకు సహజమైన అపాయ మొకటి కలదు. నీరు పై కాలువనుండి క్రింది పొలమునకు పోవునట్లు విద్యయు పైనుండి క్రిందికే పోవునను భ్రమయే అది. కాలువ పొడవైన కొలది చివరి మడికి చేరునీరు తగ్గుననుట ప్రతి రైతునకును తెలిసిన మాట. దేశస్థాయిలో చెప్పిన పాఠము రాష్ట్రమునకు, రాష్ట్రమునుండి జిల్లాకు, జిల్లానుండి మండలమునకు దిగివచ్చునప్పటికి అందలి సారము ఇగిరిపోయి హాజరుపట్టీ మాత్రము మిగులుట ఆశ్చర్యము కాదు.

ఈ భ్రమకు విరుగుడు గ్రామములే చూపినవి. అందు రెండు తెలుగునేలపైన జరిగినవి కావున వానిని చెప్పకుండ ఉండలేము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైన పిమ్మట, ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ యనునది క్రమముగా నెలకొన్నది. కూలివారి కుటుంబములలోని చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ మొసగి, మస్టరు పట్టీలను వారి చేతికిచ్చిరి. వారు ఇంటింటికి పోయి, ఎన్ని దినములు పనిచేసితివి, ఎంత కూలి ముట్టినది అని అడిగి వ్రాసికొని, గ్రామసభలో అందరియెదుట చదివిరి. పని చేయనివారి పేర్లు పట్టీలో నుండుటయు, చేసినవారి కూలి తగ్గుటయు అట్లు బయటపడుచుండెను. ఈ పనికై 2009లో ప్రత్యేకముగా ఒక సంఘము ఏర్పడెను. అధికారి లెక్కను కూలివాని బిడ్డ తనిఖీ చేయుట మన గ్రామచరిత్రలో చిన్న సంగతి కాదు. ఈ తనిఖీ నేడు జాతీయ సంస్థలో నేర్పు విద్యలలో నొకటి. పల్లెలో పుట్టినది పీఠమునకు పాఠమయ్యెను.

రెండవది స్త్రీలది. తెలుగునాట పొదుపు సంఘములలో చేరి, నెలకింతయని కూడబెట్టి, తమలో తాము అప్పులిచ్చుకొని, వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కుట మానిన తల్లులు బీహారు మొదలగు రాష్ట్రములకు బోధకులుగా పోయిరి. వారిలో అనేకులు పెద్ద చదువులు చదివినవారు కారు. వెళ్లినచోటి భాషయు వారి భాష కాదు. అయినను అచ్చటి పల్లెలలో వారములకొలది నిలిచి, ‘మేమును మీవంటివారమే, మేమిట్లు చేసితిమి’ అని తమ బ్రదుకునే పాఠముగా చెప్పి సంఘములు కట్టించిరి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకము వచ్చిన పిమ్మట ఈ పద్ధతి దేశమంతట పాటింపబడినది. గుర్‌గావ్ దొరకు చేతకానిది ఈ తల్లులకు ఏల చేతనైనది? ఆయన తనకు తెలిసినదానిని చెప్పెను. వీరు తాము అనుభవించినదానిని చెప్పిరి. పైనుండి వచ్చు మాటకు పల్లె తల యూచును. ప్రక్కనుండి వచ్చు మాటను పల్లె ఆచరించును.

అట్లయినచో జాతీయ సంస్థ అక్కరలేదా యని యెవరైన అడుగవచ్చును. అక్కర కలదు. ఒక ఊరివారు తమ ఊరిని ఎరుగుదురు కాని వేయి ఊళ్లను పోల్చి చూడలేరు. అనంతపురపు అనుభవమును అస్సామునకు, బీహారు చిక్కును హైదరాబాదునకు చేర్చి, ఏది ఎచట ఫలించినది, ఏది ఎందుచేత చెడినది అని నిష్పక్షపాతముగా విచారించి వ్రాసియుంచు చోటొకటి దేశమునకు కావలెను. తన్ను పోషించు ప్రభుత్వపు పథకమైనను, అది విఫలమైనచోట విఫలమైనదని చెప్పగల ధైర్యమును ఆ చోటికి ఉండవలెను. అట్టి ధైర్యములేని పరిశోధనము ప్రకటన పత్రికయగును. గ్రామమునుండి నేర్వని శిక్షణము ఉపన్యాసమగును.

ఇంతకును ఇది అధికారులకు మాత్రమే సంబంధించిన చర్చయని మా చదువరులు తలపరాదు. సంస్కారము కోరు ప్రతి ఇంటిలోను చిన్న గుర్‌గావ్ ఒకటి కలదు. పనిమనిషికి పారిశుద్ధ్యము బోధింతుము కాని ఆమె వాడకు నీరు ఎన్నిమైళ్లనుండి వచ్చునో అడుగము. పాలేరు కొడుకును బడికి పంపుమందుము కాని ఆ బాలుని కూలి లేకున్న ఆ ఇంట పొయ్యి రాజునో లేదో విచారింపము. ఏడు పదుల ఏండ్లకు పైబడిన ఈ ప్రయత్నముల చరిత్ర మనకు చెప్పునది ఒక్కటే. గ్రామసేవకునకు గురువు ముస్సోరీ కొండపైన లేడు, రాజేంద్రనగరపు భవనములలోను లేడు. ఆ గురువు గ్రామమే. ఆ గురువునొద్దకు శిష్యులను కొనిపోయి కూర్చుండబెట్టుటయే విద్యాలయము చేయదగిన గొప్ప సేవ. మన మింటిలో చేయదగిన సేవయు అదియే.